మా జాతీయ శాఖ పేరు ఇలా మార్చాం

మా సేవాసంస్థ జాతీయ శాఖకు పొడి అక్షరాల పేరుండేది. విరాళం కోసం ఫోన్ చేస్తే "ఎవరండీ మీరు?" అనేవాళ్లు. మాతృసంస్థ పేరు చెప్పగానే "ఓ, వాళ్లా!" అని గొంతు మారిపోయేది. ఆ తేడా విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

దారి రెడ్‌క్రాస్‌లో దొరికింది. 1863లో జెనీవాలో మొదలైన ఆ ఉద్యమంలో చాలా దేశాల సంఘాలు ఉమ్మడి పేరుకు తమ దేశం పేరు కలుపుకుంటాయి. మేమూ అదే చేశాం. కాకపోతే ముందుగా కేంద్ర కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నాం. అది లేకుండా అడుగు వేయొద్దు. రిజిస్ట్రేషన్ పత్రం, బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకం అన్నిట్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే పేరు పెట్టించాం. చెక్కు మీద పేరు తేడా వస్తే బ్యాంకు వెనక్కి పంపేయొచ్చు.

పాత పేరుపై మమకారమున్న సభ్యులు కొంచెం నొచ్చుకున్నారు. లోపలి ఉత్తరాల్లో దాన్నే వాడుకోమన్నాం.