అక్షరాలు దిద్దించే ముందు చూసుకోవాల్సినవి

ముందు పిల్లల చేయి సిద్ధంగా ఉందో లేదో చూడండి. మామూలుగా 3 ఏళ్లకు సున్న చుట్టగలరు, 4 ఏళ్లకు కూడిక గుర్తు చూసి గీయగలరు. సున్న మొదలెట్టిన చోటికి వచ్చి కలవట్లేదా? అక్షరాలకు తొందరేం లేదు. పిండి ముద్దలు చేయించండి, కాగితాలు చింపించండి, వేళ్లకు బలం వస్తుంది.

• పొడవాటి పెన్సిల్ కన్నా పొట్టి క్రేయాన్ ముక్క మేలు. పిడికిలితో పట్టడానికి చోటుండదు కాబట్టి మూడు వేళ్లూ వాటంతటవే సర్దుకుంటాయి. నోట్లో పెట్టుకునే అలవాటుంటే మాత్రం పక్కనుంచి కదలొద్దు.

• కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకో పీటకో ఆనాలి.

• ఎడమచేతి వాటమైతే మార్చొద్దు. కాగితం పైఅంచు కాస్త కుడికి వాల్చి పెట్టండి.

• 'అ'తోనే మొదలెట్టాలని పట్టుబట్టకండి, అందులో మెలికలెక్కువ. సున్న వచ్చాక నెత్తిన తలకట్టు పెడితే 'ర', దాని కడుపులో చుక్క పెడితే 'ఠ'. ఒక్క దెబ్బకు రెండక్షరాలు!

• చుక్కల అక్షరాల పుస్తకం చేతికిచ్చి వెళ్లిపోకండి. కింద నుంచి పైకి, ఎటు పడితే అటు కలిపేస్తారు. ఆకారం బాగానే కనిపిస్తుంది, అలవాటు పాడవుతుంది. ఎక్కడ మొదలెట్టాలో గుర్తు పెట్టి, ముందు మీరు నెమ్మదిగా రాసి చూపించండి.

• చేయి పట్టుకుని ఈడ్చి రాయించడం వద్దేవద్దు.

• 5 నుంచి 10 నిమిషాలు చాలు. అక్షరం తిరగేసి రాసినా కంగారు పడకండి, ఈ వయసులో అది మామూలే.