తనంతట తానే టైం దిద్దుకునే డిజిటల్ వాచీ: బహుమతిగా కొనేముందు

మామూలు క్వార్ట్జ్ (స్ఫటికం కంపనాలతో టైం లెక్కించే) డిజిటల్ వాచీ నెలకు 15 సెకన్ల దాకా ముందుకో వెనక్కో జరుగుతుంది. తనంతట తానే దిద్దుకునే వాచీలోనూ ఉండేది అదే క్వార్ట్జ్. కాకపోతే రోజూ బయటి నుంచి సరైన టైం తెచ్చుకుని తప్పు సరిచేసుకుంటుంది. ఆ టైం ఎక్కడి నుంచి వస్తుందో కొనేముందే తేల్చుకోవాలి. ఉపగ్రహాల నుంచి టైం తీసుకునే జీపీఎస్ వాచీలు ఖరీదైనవి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. అందుబాటు ధరలో మిగిలేవి రెండు రకాలు: రేడియో సిగ్నల్ అందుకునేవి, బ్లూటూత్‌తో ఫోన్ నుంచి టైం తీసుకునేవి.

రేడియో వాచీ మీద ‘అటామిక్’ అని రాసి ఉన్నా లోపల అణు గడియారమేమీ ఉండదు, చిన్న రిసీవర్ ఉంటుంది. సిగ్నల్ పంపే కేంద్రాలు కొద్ది దేశాల్లోనే ఉన్నాయి: అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ (60 కిలోహెర్ట్జ్), బ్రిటన్‌లో యాంథార్న్ (60), జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ (77.5), చైనాలో షాంగ్‌చియు (68.5), జపాన్‌లో రెండు చోట్ల (40, 60). వాచీల కంపెనీ కాసియో మాన్యువల్ లెక్క ప్రకారం అమెరికా సిగ్నల్ దాదాపు 3,000 కిలోమీటర్లు, యూరప్, చైనా సిగ్నళ్లు 1,500, జపాన్‌వి 1,000 కిలోమీటర్ల దాకా అందుతాయి. వాచీ పెట్టుకునే మనిషి ఈ పరిధికి బయట ఉంటే అది మామూలు క్వార్ట్జ్ వాచీలాగే నడుస్తుంది, సెకన్లు జరుగుతూనే ఉంటాయి. అలాంటివాళ్లకు బ్లూటూత్‌దే సరి. కానీ అది స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లకే. యాప్ వేసుకుని ఒకసారి జత చేసుకోవాలి, తర్వాత కూడా ఫోన్ దగ్గర్లో ఉండాలి. ఫోన్ జోలికి పోని పెద్దవాళ్లకు, పరిధిలో ఉన్నంతవరకు, రేడియో వాచీనే హాయి.

డబ్బా మీది మాటలతో జాగ్రత్త. ‘ఆటో క్యాలెండర్’ అంటే ఏ నెలకు ఎన్ని రోజులో వాచీకి తెలుసని మాత్రమే. ‘వరల్డ్ టైమ్’, ‘సోలార్’ అన్నవీ టైం దిద్దుకోవడానికి సంబంధించినవి కావు. వెతకాల్సినవి ‘మల్టీ బ్యాండ్ 6’, ‘వేవ్ సెప్టర్’ (రెండూ రేడియో వాచీలకు కాసియో వాడే పేర్లు), ‘రేడియో కంట్రోల్డ్’, ‘బ్లూటూత్’. కాసియో వారి జీ-షాక్ వాచీల్లో జీడబ్ల్యూ-ఎం5610 సోలార్ రేడియో వాచీ; జీడబ్ల్యూ-బీ5600లో రేడియో, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. పాత మోడళ్లు, కొన్ని ప్రాంతాల కోసం చేసినవి ఒకటి రెండు సిగ్నళ్లే పట్టగలవు. ఏవి పడతాయో వివరాల్లో చదవకుండా కొనకండి.

నల్లటి తెర మీద తెల్ల అంకెలున్నవి ఫొటోలో బాగుంటాయి గానీ, వెలుతురు తక్కువైతే చదవడం కష్టం. చూపు మందగించినవాళ్లకు బూడిద రంగు తెర, నల్లటి పెద్ద అంకెలు ఉన్నదే ఇవ్వండి.

ఇచ్చేముందు వాచీని మీరే సిద్ధం చేయండి. సోలార్‌దైతే డబ్బాలో చాలాకాలం చీకట్లో ఉండి తెర ఖాళీగా కనిపించవచ్చు. అది పాడవలేదు, పవర్ సేవింగ్‌లో ఉంది. వెలుతురులో పెడితే మేలుకుంటుంది. ఒకటి రెండు రోజులు కిటికీ దగ్గర ఛార్జ్ కానివ్వండి, బ్యాటరీ తక్కువగా ఉంటే అసలు సిగ్నలే అందుకోదు. కారు డాష్‌బోర్డు మీద ఎండలో మాత్రం వదిలేయకండి, వేడికి దెబ్బతింటుంది.

తర్వాత హోమ్ సిటీని (ఏ ఊరి టైం చూపాలో చెప్పే సెట్టింగ్) వాచీ పెట్టుకునే మనిషి ఉండే టైం జోన్‌కు మార్చండి, డేలైట్ సేవింగ్‌ను (కొన్ని దేశాల్లో ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) ఆటోలో ఉంచండి. రాత్రి వాచీని చేతినుంచి తీసి, 12 గంటల వైపు (తెర పైభాగం) కిటికీకి తిప్పి, కదపకుండా పెట్టండి. టీవీ, కంప్యూటర్, ఛార్జర్, ఇనుప బీరువా దగ్గర వద్దు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5 లోపు తనే ప్రయత్నిస్తుంది. ఒక్కో ప్రయత్నానికి సాధారణంగా 2 నుంచి 7 నిమిషాలు, ఒక్కోసారి 14 దాకా పడుతుంది. టైం కోడ్ సెకనుకు కొంచెం చొప్పున నిదానంగా వస్తుంది మరి. మధ్యలో బటన్ నొక్కితే ఆగిపోతుంది.

పొద్దున తెర మీద సిగ్నల్ అందిన గుర్తు చూడండి. సెకన్లు సరిగ్గా ఉండి గంట తేడా వస్తే తప్పు హోమ్ సిటీదో డేలైట్ సేవింగ్‌దో, సిగ్నల్‌ది కాదు. గుర్తే రాకపోతే ఇంకో కిటికీ దగ్గర పెట్టి చూడండి. కాంక్రీటు గోడల మధ్య, నేలమాళిగలో అందడం కష్టమే.

మాన్యువల్ పోతే కంగారు లేదు. కాసియో వాచీ వెనక మూత మీద చిన్న పెట్టెలో నాలుగంకెల మాడ్యూల్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది. ఆ నంబరును ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టి ఇవ్వండి.