పాత 330ఐలో వణుకు ఎలా పోయిందంటే

డాలస్‌లో నా దగ్గరున్న 2002 బీఎండబ్ల్యూ 330ఐ మాన్యువల్‌కి ఈమధ్య కదిలేటప్పుడు కింద వణుకు, క్లచ్ వదలగానే ధడ్‌మని చప్పుడు మొదలయ్యాయి. ఇరవై ఏళ్లు దాటిన కారులో ఇలా ఉంటే గేర్‌బాక్స్‌ని అనుమానించే ముందు దాని వెనకున్న రబ్బరు కప్లింగ్ చూడాలి. ఇంజిన్ శక్తిని వెనక చక్రాల వైపు మోసే డ్రైవ్ షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపేది అదే. కారుని జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, ఎగ్జాస్ట్, హీట్ షీల్డ్ దించితే తేలిపోయింది: బోల్టు రంధ్రాల చుట్టూ రబ్బరు నెర్రెలు విచ్చింది. షాఫ్ట్‌ని మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ రబ్బరూ చిరిగింది.

షాఫ్ట్ విప్పే ముందు కీళ్ల దగ్గర, ఫ్లాంజ్‌ల (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పలకల) దగ్గర పెయింట్‌తో గీతలు పెట్టాను. మళ్లీ అదే వరసలో కూర్చోకపోతే బ్యాలెన్స్ పోతుంది. కొత్త కప్లింగ్ మీద బాణం గుర్తులుంటాయి. అవి ఫ్లాంజ్ చేతుల వైపు చూడాలి. బోల్టు తలను కదలనివ్వకుండా నట్టునే తిప్పాలి, లేకపోతే రబ్బరు మెలిపడుతుంది. నట్లు కొత్తవే వాడండి. అసలు కీలకం సెంటర్ బేరింగ్. దాని బ్రాకెట్‌ని 4 నుంచి 6 మి.మీ. ముందుకు నెట్టి బిగించాలి. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే.

పనిలో పనిగా గేర్‌బాక్స్‌కి కాస్త గట్టి మౌంట్లు (దాన్ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) వేశాను. వెనక రెండు చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మార్చాను. ఒక మాట: ఆయిల్ నింపే పై ప్లగ్ ఊడొచ్చాకే కింది ప్లగ్ మీద చెయ్యి వెయ్యండి. పైది పట్టేసి ఉంటే ఆయిల్ లేని కారుతో ఇరుక్కుపోతారు.

వణుకు పూర్తిగా పోయింది. గేర్లు ఇప్పుడు టక్కున పడుతున్నాయి, ఆ 225 హార్స్‌పవర్ కుదుపు లేకుండా చక్రాలకి అందుతోంది.