గంజాయి సంగతి తెలిసినప్పుడు ఏం చేయాలి: వరంగల్ ప్రాంత కుటుంబాలకు ఒక మార్గదర్శిని

ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి భద్రాచలం, ఖమ్మం, మహబూబాబాద్ మీదుగా హైదరాబాద్‌కు, అటు మహారాష్ట్రకు తరలే దారిలో మన ఓరుగల్లు ఉంది. విజయవాడ, సికింద్రాబాద్, బల్లార్ష వైపు రైలు మార్గాలు కలిసే కాజీపేట కూడా ఇక్కడిదే. సరుకు సంగతి తెలిసినా చాలామంది నోరు విప్పకపోవడానికి రెండు భయాలు కారణం. బయటివారి గురించి చెబితే తమ పేరు బయటపడుతుందన్నది ఒకటి, సొంత బిడ్డ గురించి చెబితే వాడి మీదే కేసు పడుతుందన్నది మరొకటి. ఈ రెండింటికీ చట్టంలోనే సమాధానం ఉంది.

మత్తుపదార్థాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం శిక్ష సరుకు బరువును బట్టి మారుతుంది. గంజాయి 1 కిలో వరకు ఉంటే స్వల్ప పరిమాణం. దానికి ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల వరకు పోవచ్చు, బెయిలు దొరకడం చాలా కష్టం. కల్తీ కల్లులో కలిపే మత్తుమందు అల్ప్రాజోలం విషయంలో ఈ వాణిజ్య పరిమాణం కేవలం 100 గ్రాములు.

సమాచారం ఇవ్వదలచినవారు రాష్ట్రంలో మత్తుపదార్థాలను అరికట్టే పోలీసు విభాగమైన ఈగల్ నంబరు 1908కి గాని, అదే పనికి కేంద్రం 2024లో ప్రారంభించిన మానస్ హెల్ప్‌లైన్ నంబరు 1933కి గాని ఫోన్ చేయవచ్చు. అమ్మకం ఏ చోట, ఏ వేళల్లో జరుగుతోంది, ఏ బండి వస్తోంది, దాని నంబరు ఎంత అన్నవి చెబితే చాలు. వెంబడించడం, పొట్లం విప్పి చూడటం, వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టడం చేయకూడదు. అమ్మేవాడు జాగ్రత్తపడతాడు, ఒక్కోసారి ఏ పాపం ఎరుగనివారి పరువు పోతుంది. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతపెట్టే వీలు లేదని 68వ సెక్షన్ చెబుతోంది. పగతో తప్పుడు సమాచారం ఇస్తే మాత్రం 58వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు తప్పకపోవచ్చు.

హన్మకొండలో విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే యజమానులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తెలిసి తెలిసి తమ ఇంటిని ఈ పనికి వాడుకోనిస్తే, 25వ సెక్షన్ ప్రకారం అసలు నేరానికి ఉన్న శిక్షే వారికీ పడుతుంది. పత్తి, కంది చేలలో సాళ్ల మధ్య ఎవరైనా గంజాయి మొక్కలు పెంచుతున్నట్టు తెలిసినప్పుడు వెంటనే చెప్పవలసిన బాధ్యత భూమి యజమానిది. సర్పంచులకు కూడా చట్టం అదే విధి పెట్టింది.

ఇక సొంత బిడ్డ విషయం. దీని గురించే నేను ఎక్కువ చెప్పదలచాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. పరువు పోతుందని కొడుకును కొట్టి గదిలో బంధించేవారు, ఊరు మార్చేస్తే మారతాడనుకునేవారు విలువైన నెలలు పోగొట్టుకుంటున్నారు. వాడకానికి బానిసై, వాడినందుకో స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసులో చిక్కుకున్నవాడు తనంతట తాను చికిత్సకు సిద్ధపడితే, ఆ నేరానికి విచారణ నుంచి 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అయితే ఆ చికిత్స ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపే, లేదా గుర్తించిన కేంద్రంలో జరగాలి. మధ్యలో మానేస్తే రక్షణ తొలగిపోవచ్చు. కాబట్టి చేర్పించే ముందే ఆ కేంద్రానికి గుర్తింపు ఉందో లేదో పత్రం చూపమని అడగండి, ఓపీ చీటీ మొదలుకొని డిశ్చార్జి కాగితం దాకా అన్నీ భద్రపరచండి. ఎటు వెళ్లాలో తోచనివారు మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ వైద్యులను కలవవచ్చు. నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి మందగించడం మొదటి వారాల్లో కనిపిస్తాయి. అవి మొండితనం కావు, మత్తు వదులుతున్నప్పటి లక్షణాలు. అప్పుడు తల్లిదండ్రులు మాటలతో పొడవకుండా పక్కన ఉండాలి.

కల్లు అలవాటున్నవారికి ఒక హెచ్చరిక. కల్తీ కల్లును ఒక్కసారిగా మానేస్తే కొందరికి ఫిట్స్ వస్తాయి, మతిస్థిమితం తప్పుతుంది. అలాంటివారిని ఇంట్లో ఉంచి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకవేళ పోలీసులు ఒంటిని సోదా చేయవలసి వస్తే, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయమని కోరే హక్కు ఉంది. స్త్రీని స్త్రీయే సోదా చేయాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకుంటే ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. పంచనామా మీద సంతకం చేసే ముందు అందులో రాసిన బరువును రెండుసార్లు చదవండి, ఆ అంకె మీదే శిక్ష ఎన్నేళ్లన్నది ఆధారపడి ఉంటుంది.