కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి ట్రాన్స్‌ఫర్: దరఖాస్తు విధానం, ముందుగా తెలియాల్సిన మాటలు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ క్యాంపస్‌లో చేరేవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటి రెండేళ్ల ఫీజు బాగా తగ్గుతుంది, పట్టా యూసీదే వస్తుంది. ఫ్రీమాంట్, క్యూపర్టినో వైపు తెలుగు ఇళ్లలోనూ ఈ ప్రస్తావన వస్తూనే ఉంటుంది. కష్టపడి పాసైన కోర్సు అవతల పనికిరాకపోతే మళ్లీ ఒక టర్మ్ చదవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. అది చూస్తే నిజంగా బాధేస్తుంది. అందుకే గడువుల సంగతి తర్వాత చెబుతాను, ముందు మాటలు చూద్దాం.

ఒక్కో కోర్సుకు మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న, కోర్సు యూసీకి బదిలీ అవుతుందా అన్నది. కాలేజీ కేటలాగ్‌లో కోర్సు పక్కన "యూసీ ట్రాన్స్‌ఫరబుల్" అని ఉంటే, ఆ యూనిట్లను, అంటే కోర్సుకు ఇచ్చే క్రెడిట్లను, యూసీ లెక్కలోకి తీసుకుంటుందని అర్థం. అంతవరకే. మీ మేజర్‌కు, అంటే మీరు ఎంచుకున్న ప్రధాన విషయానికి, పనికొస్తుందన్న హామీ అందులో లేదు.

రెండో ప్రశ్న ఆర్టిక్యులేషన్. మీ కాలేజీలో ఫలానా కోర్సు, ఫలానా క్యాంపస్‌లోని ఫలానా కోర్సుకు సమానమని రెండు సంస్థలూ రాసుకున్న ఒప్పందం ఇది. ఈ ఒప్పందాలన్నీ అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో ఉంటాయి. విద్యా సంవత్సరం, మీ కాలేజీ, చేరాలనుకునే క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సుకు ఏది సమానమో పక్కపక్కన చూపిస్తుంది. యూసీ డేవిస్ ఒప్పుకున్న కోర్సును యూసీ శాన్ డియాగో ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి అప్లై చేసే ప్రతి క్యాంపస్‌కూ విడిగా చూడాలి. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని కనిపిస్తే మీ కాలేజీలో దానికి సమానమైనది లేదని అర్థం. దాన్ని పక్క కాలేజీలో చదవాలా, యూసీలో చేరాక చదవాలా అన్నది కౌన్సెలర్‌ను అడిగి తేల్చుకోండి.

మూడోది జనరల్ ఎడ్యుకేషన్, జీఈ. అంటే ఏ మేజర్ అయినా అందరూ చదివే సాధారణ కోర్సులు. 2025 ఫాల్ (ఆగస్టు-సెప్టెంబర్‌లో మొదలయ్యే టర్మ్) నుంచి కొత్తగా చేరేవాళ్లకు క్యాల్‌జెటెక్ అనే పద్ధతి వచ్చింది: 11 కోర్సులు, 34 సెమిస్టర్ యూనిట్లు. అంతకుముందు ఉన్నది ఐజెటెక్. ముందే చదువు మొదలుపెట్టినవాళ్లు పాత పద్ధతిలోనే కొనసాగవచ్చేమో కౌన్సెలర్ దగ్గర కనుక్కోవాలి. క్యాల్‌జెటెక్ పూర్తి చేయడం యూసీ అడ్మిషన్‌కు తప్పనిసరి కాదు. ఇంజనీరింగ్ లాంటి మేజర్లకు ముందు మేజర్ ప్రిపరేషన్ కోర్సులు, అంటే ఆ మేజర్‌కు పునాది వేసే కోర్సులు, పూర్తి చేయాలి. రెండింట్లో ఒకదానికే సమయం ఉంటే మేజర్ కోర్సులే చదవమంటాను.

సైకాలజీ పరిచయ కోర్సునే తీసుకోండి. యూనిట్లు వస్తాయి, జీఈకీ సరిపోతుంది. కంప్యూటర్ సైన్స్ మేజర్‌కు మాత్రం ఆసరా కాదు. ఇలాంటి కోర్సులతోనే 60 యూనిట్లు నింపుకుని క్యాల్‌క్యులస్ మిగిల్చుకున్న విద్యార్థి కాగితం మీద ట్రాన్స్‌ఫర్‌కు సిద్ధం, మేజర్ దృష్టిలో ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటాడు.

క్యాల్‌క్యులస్, ఫిజిక్స్ లాంటి వరుస కోర్సులను ఒకే కాలేజీలో పూర్తి చేయడం మంచిది. ఉదాహరణకు డి ఆంజా కాలేజీలో క్వార్టర్ పద్ధతి (సెమిస్టర్ కంటే చిన్న టర్మ్‌లు), ఓలోనీ కాలేజీలో సెమిస్టర్ పద్ధతి. సగం అక్కడ, సగం ఇక్కడ చదివితే మధ్యలో కొన్ని పాఠాలు తప్పిపోతాయి, ఆర్టిక్యులేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది.

యూనిట్లు, గ్రేడ్లు

ఫాల్‌లో చేరాలంటే ముందటి స్ప్రింగ్ (మే-జూన్‌లో ముగిసే టర్మ్) చివరికల్లా 60 సెమిస్టర్ యూనిట్లు లేదా 90 క్వార్టర్ యూనిట్లు ఉండాలి. ఒక సెమిస్టర్ యూనిట్ ఒకటిన్నర క్వార్టర్ యూనిట్లతో సమానం. వాటిలో ఏడు కోర్సులు తప్పనిసరి: ఇంగ్లిష్ రచన రెండు, గణితం ఒకటి, మిగతా నాలుగు కళలు, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలలో కనీసం రెండు విభాగాల నుంచి. కనీస జీపీఏ (గ్రేడ్ల సగటు) రాష్ట్ర నివాసులకు 2.4, ఇతరులకు 2.8. ఇది గడప మాత్రమే. డిమాండ్ ఉన్న మేజర్లలో సీటు వచ్చేవాళ్ల జీపీఏ దీనికంటే చాలా ఎక్కువ ఉంటుంది.

ఇండియాలో చదివిన చదువు

మన దగ్గర జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియట్. అమెరికాలో అదే పేరు రెండేళ్ల డిగ్రీ కాలేజీకి వాడతారు. ఇంటర్ మార్కులను కాలేజీ కోర్సులుగా నింపకండి, అది హైస్కూల్ చదువే. బీటెక్ ఒక్క సెమిస్టర్ చదివి మానేసినా, సబ్జెక్టులు తప్పినా, దాన్ని మాత్రం తప్పకుండా చూపించాలి. దాచిన సంగతి తర్వాత బయటపడితే ఇచ్చిన సీటు రద్దు కావచ్చు. మార్కులను జీపీఏలోకి మార్చే ప్రయత్నం చేయకుండా, మెమోలో ఉన్నవి ఉన్నట్టే రాయండి.

దరఖాస్తు వరుస

ఆగస్టు 1న యూసీ అప్లికేషన్ తెరుచుకుంటుంది. సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు ట్యాగ్ సమయం. ట్యాగ్ అంటే షరతులు నెరవేరిస్తే సీటు ఖాయమనే హామీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు ఇస్తాయి, ఒక్కదానికే అడగాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలలో ట్యాగ్ లేదు. హామీ ఇచ్చే క్యాంపస్‌లలోనూ అన్ని మేజర్లకూ వర్తించదు. ట్యాగ్ వేశాం కదా అని ఊరుకోవద్దు, అసలు అప్లికేషన్ కూడా వేయాలి.

అప్లికేషన్‌ను అక్టోబర్ 1 నుంచి నవంబర్ 30 లోపు సమర్పించాలి. 2025లో ఆ రోజు ఆదివారం కావడంతో డిసెంబర్ 1 వరకు ఇచ్చారు. ఒక్కో క్యాంపస్‌కు 80 డాలర్లు, విదేశీ విద్యార్థులకు 95. ఈ దశలో ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రం) పంపనక్కర్లేదు, కోర్సులూ గ్రేడ్లూ మీరే నింపాలి. ఇప్పుడు చదువుతున్నవాటికి "ఇన్ ప్రోగ్రెస్", స్ప్రింగ్‌లో తీసుకోబోయేవాటికి "ప్లాన్‌డ్" అని గుర్తుపెట్టాలి. మీ గురించి అడిగే పర్సనల్ ఇన్‌సైట్ ప్రశ్నలు నాలుగు, ఒక్కోదానికి 350 పదాలకు మించకూడదు. ఒకటి అందరూ రాయాలి, ఏడింటిలోంచి మూడు ఎంచుకోవాలి.

జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అనే ఫారం వస్తుంది. ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులు అందులో నింపి జనవరి 31 లోపు పంపాలి. ఏమీ మారకపోయినా పంపాలి. అప్లికేషన్ వేశాక కొందరు ఈమెయిల్ చూడటమే మానేస్తారు, ఆ నెలలో మాత్రం రోజూ చూడండి.

ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి. చేరుతున్నామని చెప్పే ఎస్ఐఆర్‌కు గడువు జూన్ 1, అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్‌లకు జులై 1. ఇచ్చిన సీటు షరతులతో కూడినది. స్ప్రింగ్‌లో ఒక కోర్సు వదిలేసినా, డి గ్రేడ్ వచ్చినా వెంటనే క్యాంపస్‌కు తెలియజేయాలి.

ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో పని ఉంది. అడ్మిషన్ వచ్చినంత మాత్రాన సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు దానంతటది మారదు. పాత కాలేజీ డీఎస్ఓకు (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) అడ్మిషన్ లెటర్ చూపించి, రికార్డు బదిలీ తేదీ ఖరారు చేయించుకోవాలి. ఆ తర్వాతే కొత్త క్యాంపస్ ట్రాన్స్‌ఫర్ ఐ-20, అంటే ఎఫ్‌-1 విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం, ఇస్తుంది.