కారు బానెట్ మీద పెయింట్ లేచిందా? తుప్పు పట్టకముందే సరిచేయండి
హైవేలో టిప్పర్ వెనకాల వెళ్తే కంకర ఎగిరొచ్చి బానెట్ మీద పెయింట్ పెచ్చులా లేచిపోతుంది. లోపల రేకు కనిపిస్తుంటే మాత్రం వానాకాలం దాకా ఆగకండి.

డ్రైవర్ డోర్ పిల్లర్ మీదో బానెట్ కిందో కలర్ కోడ్ ఉంటుంది, అదే కోడ్ టచప్ పెయింట్ తెచ్చుకోండి. తెలుపే కదా అని ఏదో ఒక తెలుపు పూస్తే మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తుప్పుంటే సన్న గరుకు కాగితంతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రేకు మీద ముందు ప్రైమర్ (రంగు పట్టుకోడానికి అడుగున వేసే పూత) పడాలి. సీసాలో వచ్చే బ్రష్ చాలా లావు. టూత్‌పిక్ మొనతో గుంట మధ్యలో చుక్క పెడితే రంగు తనంతట తానే అంచులదాకా పాకుతుంది. ఒకేసారి నింపేయకండి, ఒక పూత ఆరాకే ఇంకోటి, అదీ నీడలోనే. పైన క్లియర్ కోట్, అంటే రంగులేని పూత వేయండి.

గోరుకు తగలని సన్న గీతలకు ఇవేవీ అక్కర్లేదు, రబ్బింగ్ కాంపౌండ్ (గీతల్ని రుద్ది పోగొట్టే పేస్ట్) చాలు.