క్యాంపింగ్‌కి వాటర్ ఫిల్టర్ కొంటున్నారా, ఇది చూస్కోండి

వీకెండ్ వస్తే వ్యాన్ వేసుకుని అనంతగిరి కొండలకో, నాగార్జునసాగర్ వైపో పోయేవాళ్లు మన హైదరాబాద్‌లో బాగానే ఉన్నారు కదా, వాళ్లకోసం చిన్న చిట్కా. ఇంట్లో లాంటి ఆర్వో చిన్న సైజులో దొరుకుతుందేమో అని వెతక్కండి, దానికి కరెంటు కావాలి, ప్రెషర్ కావాలి, పైగా మోసుకెళ్లిన నీళ్లల్లో చాలావరకు వేస్ట్‌గా పోతాయి. గ్రావిటీ బ్యాగ్ ఫిల్టర్ తీస్కోండి, చెట్టు కొమ్మకి తగిలిస్తే నీళ్లు వడకట్టుకుని వాటంతటవే కిందికి దిగుతాయి.

దానిమీద 0.1 మైక్రాన్ హాలో ఫైబర్ (అంటే మిల్లీమీటర్లో పదివేలో వంతు రంధ్రాలుండే సన్నటి బోలు పోగులు) అని ఉంటే బ్యాక్టీరియా, జియార్డియా (కడుపు పాడుచేసే పరాన్నజీవి) లాంటివి ఆగుతాయి, వైరస్‌లు మాత్రం ఇంకా చిన్నవి, జారిపోతాయి, అందుకే ఊరి పక్క చెరువు నీళ్లయితే వడగట్టాక ఒక నిమిషం బాగా మసలనివ్వండి.

అసలు జాగ్రత్త పడాల్సింది నల్గొండ సైడ్ బోరు నీళ్లతో. అక్కడి ఫ్లోరైడ్ గోస మనకు తెల్సిందే, అది నీళ్లల్లో కరిగి ఉంటుంది కాబట్టి ఈ ఫిల్టర్‌కి చిక్కదు, మరిగిస్తే పోదు సరికదా నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సాగర్ రూట్‌లో నేనైతే తాగడానికి 20 లీటర్ల క్యాన్ ఇంటి నుంచే పట్టుకుపోతా.

ఇంకోటి, బురద నీళ్లు డైరెక్ట్‌గా పోయకండి, వానాకాలంలో ఒకసారి బద్ధకించి పోసేశా, గంటకి గ్లాసుడు కూడా దిగలే. బకెట్లో తేరనిచ్చి, పాత కాటన్ లుంగీ నాలుగు మడతలేసి వడగట్టాకే పోయండి, ఫిల్టర్‌తోపాటు ఇచ్చే బ్యాక్‌వాష్ సిరంజి (వెనక నుంచి నీళ్లు కొట్టి ఫిల్టర్ కడిగేది) ఇంట్లో మర్చిపోకండి.